యంత్రం వినని గంటన్నర

శుక్రవారం సాయంత్రం, ఏడో నంబరు బొగ్గు బాయి సర్వర్ గదిలో, ఎనిమిది డిస్కుల్లో ఒకటి చచ్చిపోయింది. పెద్దగా గోల కూడా చెయ్యలేదు. రెండుసార్లు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. తెర మీద ఒక ఎర్రటి వరుస వచ్చి నిలబడింది: ‘డిస్కు 5 పనిచేయడం లేదు.’

దుర్గం స్వరూప ఆ వరుసను చూసి కుర్చీలోంచి లేచింది. ఏం చెయ్యాలో తోచక మళ్లీ కూర్చుంది. ఆరేళ్లుగా ఆ గదిని చూసుకుంటున్నది ఆమే. ఆరేళ్లలో ఆ సర్వర్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆగకూడదు. దాని మీద ఆరువందల మంది ప్రాణాలున్నాయి.

ఆ యంత్రాన్ని బొగ్గు బాయిలో అందరూ గనిచెవి అంటారు. దాన్ని తయారు చేసిన శాస్త్రవేత్త డాక్టర్ తాతపూడి సుందరం కనిపెట్టిన సంగతి నిజానికి ఒక్కటే. బండ పగిలే ముందు మాట్లాడుతుంది. పైకప్పు కూలడానికి గంటా రెండు గంటల ముందు నుంచే రాయి లోపల సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగులో చాలా భాగం మనిషి చెవికి అందదు. సుందరం గని పైకప్పులోకి వేలెడంత ఉక్కు గోళ్లు దిగగొట్టించాడు. ఇప్పుడవి నాలుగు వేలున్నాయి. ప్రతి గోరూ తను విన్నది తీగ మీదుగా సర్వర్‌కు చేరవేస్తుంది. సర్వర్ విని, లెక్కగట్టి, కింద దీపాలు వెలిగిస్తుంది. పచ్చ దీపం ఉంటే పని సాగుతుంది. ఎర్ర దీపం వచ్చిందంటే చేతిలో ఏముంటే అది అక్కడే పారేసి పైకి రావాల్సిందే, కారణం అడగడానికి వీల్లేదు. దీపాలు పెట్టిన ఈ మూడేళ్లలో పందొమ్మిదిసార్లు ఎరుపు వచ్చింది. పందొమ్మిదిసార్లూ కప్పు కూలింది. ఒక్క మనిషికి గీత పడలేదు.

ఆ రాత్రే సుందరం హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. “మిగతా ఏడూ బాగున్నాయా?”

“ఉన్నయ్ సార్. ఏడు కలిసి పోయినదాన్ని మళ్లీ తయారు చేస్తయ్. కొత్త డిస్కు పెడితే చాలు. కానీ ఇంకోటి పోయిందంటే మాత్రం…”

“తెలుసమ్మా. ఇంకోటి పోతే అంతా పోతుంది.”

రెండో యంత్రం మీద ఒక నకలు పెట్టాలని ఏడాదిగా అడుగుతున్నారు. మంజూరైంది కానీ ఇంకా రాలేదు. ఉన్నదంతా ఆ ఎనిమిది డిస్కుల్లోనే ఉంది. పందొమ్మిది కూలుళ్ల చప్పుళ్లూ, వాటన్నిటికంటే ముందు, ఎనిమిదేళ్ల కిందటి మొదటిదీ. అప్పటికి గోళ్లు నలభయ్యే ఉండేవి. దీపాలు లేవు. యంత్రం వినడమే తప్ప చెప్పడం రాని రోజులు. ఆ రోజు కప్పు కింద గొల్లపెల్లి పోశం, సయ్యద్ ఖాదర్ పోయారు. బండ ఎలా మాట్లాడుతుందో యంత్రం మొదట నేర్చుకున్నది ఆ చప్పుడు నుంచే. సుందరం ఆ ఫైలుకు వాళ్లిద్దరి పేర్లే పెట్టాడు.

“మళ్లీ నేర్పాలంటే మళ్లీ కూలాలి స్వరూపా,” అన్నాడు సుందరం. “ఆ పని నేను ఇంకోసారి చెయ్యలేను.”

ఒక చిక్కుంది. బొగ్గు దుమ్ము పోకుండా ఆ సర్వర్‌ను ఇనుప పెట్టెలో బిగించేశారు. నడుస్తుండగా డిస్కు మార్చడం కుదరదు. పవర్ తీసెయ్యాలి. తీస్తే నాలుగు వేల గోళ్లూ మూగబోతాయి. అందుకని ఉత్పత్తి ఉండని ఆదివారం పెట్టుకున్నారు. బాయిలోంచి అందరినీ పైకి తీస్తారు, పంపుల దగ్గర ఉండే ఏడుగురిని తప్ప. ఏడో నంబరు బాయిలో గోదావరి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. రెండు గంటలు పంపులు ఆగితే దక్షిణం దిక్కు పనులన్నీ మునిగిపోతాయి.

ఆ ఏడుగురిలో స్వరూప తండ్రి ఓదెలు ఒకడు.

ఆదివారం పొద్దున ఆమె పనిలోకి వెళ్లే దారిలో తల్లిగారింటికి వెళ్లింది. పెళ్లయినా అదే కాలనీలో రెండు వీధుల అవతలే ఉంటుంది. తల్లి లక్కమ్మ పొయ్యి మీద సర్వపిండి కాలుస్తోంది. ఓదెలు గడప దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

“ఎంతసేపు బందు పెడ్తవ్ బిడ్డా?”

“గంటన్నర. ఎక్కువైతే రెండు.”

“గంతసేపు దీపాలుండయా?”

“ఉండయ్.” స్వరూప అతని పక్కన కూర్చుంది. “నాయినా, ఇయ్యాల లీవ్ పెట్టరాదా?”

“నా బదులు ఎవడో ఒకడు దిగుతడు గదా. ఆడు మనిషి గాదా?”

“అది గాదు…”

“ఏమన్నంటే గింతే. తండ్రి ఎట్లనో బిడ్డ అట్లనే,” అంది లక్కమ్మ పళ్లెం ముందు పెడుతూ. “వేడిమీదుంది, తినుండ్రి.”

స్వరూప ముక్క తుంచుకుంది. “ఎట్లయినా నువ్వుంటే వాళ్లకు ధైర్యమే. కర్ర చప్పుడు నీ అంత తెలిసినోళ్లు ఈ బాయిల ఎవరున్నరు?”

ఓదెలు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. ఒకప్పుడు ఓదెలు కర్ర అంటే ఆ బాయిలో పేరు. పొడుగాటి కర్రతో కప్పును తట్టేవాడు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే పొర విడిపోయినట్టు. అతను తల అడ్డంగా ఊపితే ఆ కప్పు కింద ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. గనిచెవి వచ్చాక ఆ పనితో అవసరం లేకపోయింది. కొత్తగా చేరినవాళ్లకు కర్ర ఇవ్వడం కూడా మానేశారు. ఓదెలును పంపుల మీదికి మార్చారు.

“మూడేండ్లయింది బిడ్డా కప్పు మీద కర్ర ఏసి,” అన్నాడు ఓదెలు. “దీపం దిక్కు సూసుడే అలవాటైంది. చెవి మొద్దుబారింది. మా అందరియీ బారినయ్.”

తప్పుపట్టినట్టు అనలేదు. వయసు గురించి చెప్పుకున్నట్టు అన్నాడు. స్వరూపకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. సర్వర్ గదిదాకా అదే నములుతూ నడిచింది.

సరిగ్గా పది గంటలకు మేనేజర్ అనుమాండ్ల ప్రభాకర్ ఫోన్ చేశాడు. “అందరు పైకొచ్చిన్రు. పంపులకాడ ఏడుగురున్నరు. మీది మీరు కానీయండ్రి.”

సుందరం తెల్లవారుజామునే వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, రాత్రంతా కారులో కొత్త డిస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు టార్చి పట్టుకుని పెట్టె పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. స్వరూప తెర మీద చనిపోయిన డిస్కు సీరియల్ నంబరు చూసి, దాని చివరి నాలుగు అక్షరాలు అరచేతిలో పెన్నుతో రాసుకుంది. యంత్రాన్ని ఆపమని ఆజ్ఞ ఇచ్చింది. ఆరేళ్లుగా వినిపిస్తున్న హోరు సన్నబడుతూ, సన్నబడుతూ ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని ఆమెకు అప్పటివరకు తెలియదు. గోడ మీది పటంలో పచ్చ చుక్కలన్నీ ఒకేసారి ఆరిపోయాయి.

పవర్ తీగ పీకి, డిస్కులకు స్థిర విద్యుత్తు తగలకుండా చేతికి పట్టీ కట్టుకుని, మరలు విప్పడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు మరలు. మూత లేచేసరికి పదీ పద్దెనిమిది. లోపల ఎనిమిది డిస్కులు వరుసగా బిగించి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన అంటించిన అంకె, ఒకటి నుంచి ఎనిమిది వరకు.

“అయిదోది,” అన్నాడు సుందరం.

“కాదు సార్. యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతది. దానికి అయిదంటే మన చీటీ మీద ఆరు.”

“అవునవును. అయితే ఆరోది తియ్యి.”

స్వరూప చేతిలోని స్క్రూడ్రైవర్ ఆరోదాని దగ్గరకు వెళ్లి ఆగింది. ఆమె టార్చిని దగ్గరికి జరపమంది. రెండు డిస్కుల మధ్య సందులోంచి ఆరోదాని అంచు కనిపిస్తోంది. సీరియల్ నంబరు చీటీ లోపలి వైపుంది. స్వరూప హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న అద్దం తీసి సందులోకి దూర్చింది. అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి, అరచేతిలోదానితో పోల్చింది.

“సార్, ఇది గాదు.”

“అయిదోది చూడు మరి.”

అదీ కాదు. నాలుగోది కాదు. ఏడోది కాదు. ఆమె వీపు మీద చెమట కారుతోంది. ఎప్పుడో, ఆమె రాకముందు, ఎవరో తీగలు మార్చి బిగించారు. చీటీల మీది అంకెలకూ యంత్రం లెక్కకూ పొంతనే లేదు. ఆరోది తీసేసి కొత్తది పెట్టి ఉంటే, చచ్చినది పెట్టెలోనే ఉండి, బతికినది బయట ఉండేది. ఎనిమిదిలో రెండు లేనట్టు. ఆ పాత పెట్టె అలాంటప్పుడు ఏం చేస్తుందో, కొత్త డిస్కును చూసి అన్నిటినీ తుడిచేస్తుందో, ఎవరూ చెప్పలేరు.

మూడోదాని దగ్గర అద్దంలో నాలుగు అక్షరాలూ సరిపోయాయి. ఆమె రెండోసారి చదివింది. సుందరంతో మూడోసారి చదివించింది.

“ఇదే,” అన్నాడు సుందరం. “నేనైతే ఆరోది పీకేసేవాణ్ణి తల్లీ.”

గోడ మీద బాయి ఫోన్ మోగింది.

“బిడ్డా, మిషన్ మొదలైందా?” ఓదెలు గొంతు. వెనక పంపుల రొద.

“ఇంకా లే నాయినా. ఎందుకు?”

“ఏం లే. పంపుల గది ముంగట కప్పు కొంచెం… ఊకుండలేక గడ్డపార అందుకుని తట్టిన. డొల్లగ ఇనబడ్డది. రొదల సరిగ తెలుస్తలేదు. నా చెవిదే తప్పుగావచ్చు. నీ మిషన్ రానీ, అదేమంటదో సూద్దాం.”

“ఎప్పుడు ఇనబడ్డది?”

“పదిన్నర దాటినంక. అప్పటిసంది మూడుసార్లు కొట్టిన. సారిసారికి చప్పుడు మారుతుంది.”

స్వరూప గడియారం చూసింది. పదీ యాభై నాలుగు. కొత్త డిస్కు బిగించి, మూత పెట్టి, యంత్రం లేచి, తీగలన్నీ కలిసేసరికి ఇంకో అరగంట. ఆమె ఫోన్ తీగను వేలికి చుట్టుకుంది.

“నాయినా, ఒకటి అడుగుత. మూడేండ్ల కింద, దీపాల్లేనప్పుడు, గీ చప్పుడే ఇంటే ఏం చేసెటోనివి?”

ఓదెలు మెల్లగా అన్నాడు, “అప్పుడా? ఫోన్ చేసెటోన్నే కాదు బిడ్డా. ఉరికెటోన్ని.”

స్వరూప ఫోన్ పెట్టేసి గోడ దగ్గరకు వెళ్లింది. పటం కింద ఒక ఎర్రటి మీట ఉంది. యంత్రం ఎరుపు చెప్పి, తీగలు తెగి దీపాలు వెలగకపోతే చేత్తో వెయ్యడానికి పెట్టినది. బ్యాటరీ మీద నడుస్తుంది. యంత్రం చెప్పకుండా దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం ఉండదు.

“స్వరూపా,” అన్నాడు సుందరం కంగారుగా. “యంత్రం ఆగి ఉందమ్మా. అది అబద్ధపు సంకేతం అవుతుంది.”

“అవును సార్,” అంది స్వరూప. మీట కిందికి లాగింది.

భూమి లోపల రెండు మైళ్ల దూరంలో ఏడుగురి నెత్తి మీద ఎర్ర దీపాలు వెలిగాయి. వాళ్లు పంపులు ఆపి, నడక మొదలుపెట్టారు. ఏటవాలు దారిలో పైకి రావడానికి నలభై నిమిషాలు.

నిమిషం తిరక్కుండా ప్రభాకర్ ఫోన్. “ఎరుపెట్లొచ్చింది? మిషన్ బంద్ ఉంది గదా!”

“నేనే ఏసిన సార్. కప్పు డొల్లగుందని మా నాయిన చెప్పిండు.”

“ఎవర్నడిగి ఏసినవ్? పంపులు ఆగినయ్ తెల్సా? దక్షిణం మునిగితే ఆరువందల మందికి పనుండదు. ఎవలు జవాబు చెప్తరు?”

“నేనే చెప్త సార్. ఇప్పుడు నన్ను డిస్కు బిగించుకోనియ్యండ్రి.”

ఆమె చేతులు ఇప్పుడు ఎక్కడా తడబడలేదు. మూడో చోటి పాత డిస్కు బయటికి. కొత్తది లోపలికి. నాలుగు మరలు, రెండు తీగలు. పవర్ తీగ పెట్టి, పవర్ బటన్ నొక్కి, మోకాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గింది. డిస్కులు ఒకటి తర్వాత ఒకటి తిరగడం మొదలుపెడతాయి. ఒక్కోటీ ఈల వేసినట్టు సన్నగా లేస్తుంది. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు… ఏడు. ఎనిమిదోది రాలేదు.

“ఆపండి సార్! పవర్ తియ్యండి!”

సుందరం తీగ లాగేశాడు. “ఏమైంది?”

“ఒకటి లేస్తలేదు. ఆరేండ్లు ఆగకుండ తిరిగినయ్ గదా. ఒక్కపారి ఆగేసరికి లోపల పట్టేసింది.”

“ఏది? కొత్తదా?”

స్వరూప ఒక్కోదాని మీదా వేలి కొన ఆనించి చూసింది. తిరిగినవి ఇంకా సన్నగా అదురుతున్నాయి. మొదటిది చచ్చిన చేపలా కదలక పడి ఉంది. అది పాతది. బతికి తీరవలసిన ఏడింటిలో ఒకటి.

సుందరం నేల మీద కూలబడ్డాడు. “అయిపోయింది,” అన్నాడు. “పోశం, ఖాదర్… అయిపోయింది.”

“కాలేదు సార్.” ఆమె ఒకటో డిస్కును విప్పి అరచేతిలో బల్లపరుపుగా పట్టుకుంది. తట్టకూడదు. తడితే లోపలి అద్దంలాంటి పళ్లెం గీసుకుపోతుంది. తాళంచెవి తిప్పినట్టు మణికట్టును ఒక్కసారి చురుగ్గా తిప్పి ఆపాలి. పళ్లెం తన బరువుతో తనే విడివడాలి. పని నేర్చుకున్న రోజుల్లో ఒక ముసలి మెకానిక్ చేస్తుంటే చూసింది, అంతే. తిప్పింది. ఏమీ లేదు. మళ్లీ తిప్పింది. మూడోసారి అరచేతిలో గవ్వ కదిలినంత చిన్న కదలిక.

“వచ్చింది,” అంది గుసగుసగా.

బిగించి పవర్ ఇచ్చింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఏడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు. ఆపైన, ఆలస్యంగా, నిద్ర లేచి విసుక్కున్నట్టు ఎనిమిదోది. సుందరం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. తెర మీద వరుసలు పరుగులు తీశాయి. కొత్త డిస్కును గుర్తించింది. పోయినదాన్ని మిగతా ఏడింటి నుంచి తిరిగి రాయడం మొదలైంది, నూటికి ఒకటి, నూటికి రెండు. గనిచెవి మేలుకుంది. గోళ్లు ఒక్కొక్కటే పలికాయి. దీపాలు మళ్లీ యంత్రం చేతికి రాగానే ఎర్ర మీట దానంతటదే పైకి లేచింది. గోడ మీది పటంలో చుక్కలు వెలిగాయి.

అన్నీ పచ్చ.

అప్పుడే ప్రభాకర్ లోపలికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాతికేళ్ల కిందట తట్ట మోసి పైకొచ్చినవాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. “ఇగో, సూడు,” అన్నాడు పటం వైపు చెయ్యి చాచి. “నీ మిషనే పచ్చ అంటుంది. అక్కడ గంటకు మోకాలెత్తు నీళ్లు లేస్తున్నయ్. ఇప్పుడన్న ముగ్గురు దిగి పంపులు నడిపితే దక్షిణం దక్కుతది.”

స్వరూప పటం వైపు చూసింది. పంపుల గది ముందున్న చుక్క కూడా పచ్చగానే ఉంది. నాన్న చెవి నిజంగానే మొద్దుబారిందా?

ప్రభాకర్ బాయి ఫోన్ అందుకుని, ఏటవాలు దారి పైకి తేలే బాయి మొగదలకు చేశాడు. ఏడుగురూ అప్పుడే పైకి చేరారు. ఆయన విని తలూపి, స్వరూప వైపు తిరిగాడు. “దిగుతానికి మీ నాయినే ముందట నిలబడ్డడు. పచ్చ దీపమొచ్చినంక భయమేందంటున్నడు.” అని బాయి మొగదలకు బయలుదేరాడు.

తలుపు మూసుకుంది. సుందరం మాత్రం తెర ముందు వంగి, ఒక మూల ఉన్న చిన్న అంకెల్నే చూస్తున్నాడు. ఎవరూ ఎప్పుడూ చూడని అంకెలు. ‘విన్న సమయం: 9 నిమిషాలు.’

“స్వరూపా,” అన్నాడాయన. “ఇది పచ్చ కాదు.”

“ఏంది సార్?”

“ఇది గంటసేపు విని చెప్పే యంత్రం. బండ మొదట ఎలా ఉంది, తర్వాత ఎలా మారింది, ఆ తేడానే దానికి భాష. ఇప్పుడు తొమ్మిది నిమిషాలే వింది. మొదలు దానికి తెలియదు. ఇప్పుడు వినిపిస్తున్న మూలుగే దాని మామూలు గొంతు అనుకుంటోంది. ఈ పచ్చకు అర్థం ప్రమాదం లేదని కాదు, ఇంకా ఏమీ తెలియదని. దీపాలు పెట్టాక దీన్ని ఎన్నడూ ఆపలేదు, అందుకే నాకూ తట్టలేదు.” ఆయన నిలబడ్డాడు. “ఎనిమిదేళ్ల కిందట తెర మీద గీతలు పైకి లేస్తుంటే, ఇంకొంచెంసేపు విందాం, పరికరం లోపమేమో అన్నాను. ఇంకొంచెంసేపు. ఇరవై నిమిషాలు విన్నాను. ఇద్దరు పోయారు.” మీట దగ్గరకు నడిచాడు. “ఈసారి నేను లాగుతాను. నువ్వు పరిగెత్తు.”

స్వరూప పరిగెత్తింది. సర్వర్ గది నుంచి బాయి మొగదలకు రెండువందల గజాలు. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. బొగ్గు పలుకులు పాదాల్లో గుచ్చుకున్నాయి. టోపీ దీపాలు ఇచ్చే గది దాటేసరికి ఏటవాలు దారి నోట్లో మూడు టోపీ దీపాలు లోపలికి పోతూ కనిపించాయి.

“నాయినా! ఆగు!”

మూడూ ఆగాయి. ఓదెలు వెనక్కి తిరిగాడు. లోపలి దారి పొడవునా పచ్చ దీపాలు అప్పుడే ఎర్రగా మారాయి.

“గిదేంది? ఇప్పుడే పచ్చ, ఇప్పుడే ఎరుపు?” అన్నాడు పక్కనున్నవాడు.

స్వరూప వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది. రొప్పుతూ అంది, “మిషన్ ఇంకా నిద్రమబ్బుల ఉంది నాయినా. దానికేం తెల్వదు. నువ్వు మెల్కొని ఉన్నవ్. నువ్వు ఇన్నవ్.”

“నేను ఇన్నది తప్పైతే? గిన్ని పనులు మునుగుతయ్ గదా బిడ్డా. ఆరువందల ఇండ్లు.”

“మునగనీ.”

ఆమె దారిలో దాటి వచ్చిన ప్రభాకర్ కూడా అక్కడికి చేరుకున్నాడు. ఎర్ర దీపాల్ని చూశాడు, స్వరూపను చూశాడు, చివరికి ఓదెలును చూశాడు. “ఓదెలన్నా,” అన్నాడు చాలా ఏళ్ల తర్వాత ఆ పిలుపుతో. “ఎవ్వరికీ భయపడకుంట నిజం చెప్పు. మిషన్లు, దీపాలు అన్నీ ఇడిసిపెట్టు. ఆ కప్పు కింద నీ కొడుకునైతే పంపుతవా?”

ఓదెలు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“పంప,” అన్నాడు.

ఎవరూ దిగలేదు. బాయి మొగదల దగ్గర పదిమంది అలా నిలబడి, ఏ చప్పుడూ లేని చీకటిలోకి చూస్తూ ఉండిపోయారు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై. కింద నీళ్లు లేస్తున్నాయని అందరికీ తెలుసు. ప్రభాకర్ గడియారం చూసుకుంటూ, చూసుకోనట్టు నటించాడు. ఎవరో చాయ్ తెప్పించారు, ఎవరూ తాగలేదు. పన్నెండున్నర కావస్తుండగా ఓదెలు కూడా నుదురు తుడుచుకుని, “తప్పు ఇన్ననేమో సారూ,” అనబోయాడు.

ఆ మాట పూర్తి కాలేదు. కాళ్ల కింద నేల ఒక్కసారి మెత్తగా, పశువు ఒళ్లు జలదరించినట్టు కదిలింది. వెనకాలే లోతునుంచి ఒక మోత. ఆపైన గాలి. ఏటవాలు దారిలోంచి వేడిగాలి దుమ్ముతో సహా దూసుకొచ్చి అందరి టోపీలూ ఎగరగొట్టింది. దుమ్ము సర్దుకున్నాక పదిమందీ తలనుంచి కాళ్లదాకా ఒకే నలుపు. పంపుల దగ్గరివాళ్లు ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు. ఏడుగురు. మళ్లీ లెక్కపెట్టుకున్నారు. ఏడుగురే.

ఒకడు నవ్వడం మొదలుపెట్టాడు. ఇంకొకడు ఏడ్చాడు. ప్రభాకర్ ఓదెలు భుజాలు పట్టుకుని ఊపేస్తూ ఏదో అంటున్నాడు, చెవులు గింగురుమంటుంటే ఎవరికీ వినబడలేదు. ఓదెలు నోరు తెరుచుకుని బిడ్డ వైపే చూస్తున్నాడు. మూడేళ్లుగా పోయిందనుకున్నది చేతికి తగిలినవాడి మొహం అది.

పంపుల గది పూర్తిగా కూలింది. దక్షిణం దిక్కు మునిగింది. నీళ్లు తోడి కొత్త గది కట్టేదాకా నాలుగు నెలలు ఆరువందల మంది పక్క బాయిలకు బస్సుల్లో వెళ్లి రావాల్సి వచ్చింది. స్వరూపను కొందరు దారిలో ఆపి దండం పెట్టారు. కొందరు చీకట్లో బస్సు ఎక్కుతూ ఆమెను తిట్టుకున్నారు. రెండూ ఆమె చెవిన పడ్డాయి.

ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి కొత్త డిస్కు నిండింది. పోశం, ఖాదర్ పేర్లున్న ఫైలు చెక్కు చెదరకుండా ఉంది. కూలుడుకు ముందు గంటసేపటి చప్పుడు కూడా గోళ్ల నుంచి పూర్తిగా నమోదైంది. సుందరం దాన్నిబట్టి మూలుగు ఎప్పుడు మొదలై ఉంటుందో వెనక్కి లెక్కగట్టాడు. తెల్లారేదాకా ఆగలేక అర్ధరాత్రే స్వరూప ఇంటికి వచ్చి తలుపు కొట్టాడు. “మొదలైంది పదీ ముప్పై ఏడుకి!” అన్నాడు గుమ్మంలోనే. “మీ నాన్న ఎప్పుడు విన్నాడన్నాడు? పదిన్నర దాటాక! యంత్రం నడుస్తూ ఉంటే పదకొండూ పావుకి గానీ ఎరుపు ఇచ్చేది కాదు. అమ్మా, ఆ మనిషి నా నాలుగు వేల గోళ్లకంటే ముందు విన్నాడు. ఎలా? ఏం విన్నాడు?” కళ్లల్లో నీళ్లతో నవ్వుతున్నాడు.

నెల తర్వాత విచారణ జరిగింది. ముగ్గురు అధికారులు బల్ల అవతల, స్వరూపా ఓదెలూ ఇవతల. యంత్రం ఆగి ఉండగా ఎర్ర దీపం ఏ ఆధారంతో వేశారని పెద్ద అధికారి అడిగాడు. దుర్గం ఓదెలు విని చెప్పాడని స్వరూప చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు.

అధికారి ఓదెలు వైపు తిరిగాడు. “చూడండి, మీ వల్ల ఏడుగురు బతికారు, నేను కాదనను. కానీ ‘విన్నాను’ అంటే రికార్డులో సరిపోదు. ఏం విన్నారు? మంచి చప్పుడుకీ చెడ్డ చప్పుడుకీ తేడా ఏమిటి? పదిమందికీ నేర్పేలా రాసి ఇవ్వగలరా?”

ఓదెలు చేత్తో గాలిలో ఏదో తట్టి చూపించబోయి మానుకున్నాడు.

“రాస్తే వచ్చేది గాదు సారూ,” అన్నాడు. “ఉత్తరం దిక్కు పని నడుస్తుంది. బాయి బూట్లు తొడుక్కోండ్రి. పోదాం పాండ్రి.”

అధికారి మిగతా ఇద్దరి వంక చూశాడు. ఆయన కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టాడు. వంగి, పాలిష్ చేసిన నల్లటి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.